అమ్మాయి పరుగు, గడియారం లెక్క

(మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా పనిచేసి, వంట దించి, పిల్లలకు పెట్టి, చీకటిపడే వేళకు పలక పట్టుకుని ఇక్కడికి వచ్చారు. ఈ రోజు మాట అంకెల గురించి. సంత లెక్క కాదు. వడ్డీ లెక్క కాదు. కూలి లెక్క అంతకన్నా కాదు. బడిలో ఆటల పీరియడు ఉంటుంది గదా! ఆ పీరియడులో పుట్టే అంకెల లెక్క.

"ఆటలకు లెక్కేమిటి?" అని కొందరికి నవ్వు రావచ్చు. ముందు ఒక ఇంట్లో ఏం జరిగిందో వినండి. ఇది ఏ ఊళ్లో అయినా, ఏ ఇంట్లో అయినా జరిగే సంగతే.

ఒక తల్లి ఉందనుకోండి. ఆమె నిరుడే చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమె కూతురు ఎనిమిదో తరగతి. ఒక సాయంత్రం అమ్మాయి బడి సంచీలోంచి ఒక కార్డు తీసి గూట్లో పడేసింది. మాట్లాడకుండా మూలకు పోయి కూర్చుంది. తల్లి ఆ కార్డు తీసి దీపం దగ్గర పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

వయసు 13. ఎత్తు 146 సెం.మీ. బరువు 35 కిలోలు. 600 మీటర్ల పరుగు 4 ని. 10 సె.

"ఇదేమిటే?" అని అడిగింది తల్లి.

"పరుగు పెట్టారమ్మా. అందరికంటే వెనక నేనే వచ్చాను. మూడో చుట్టులో ఆయాసం వచ్చి నడిచాను. అందరూ నవ్వారు. ఇక ఆటలకు పోను. చెట్టు కింద కూర్చుంటాను."

అరుగు మీదినుంచి నాయనమ్మ అందుకుంది. "పోనీ లేవే! ఆడపిల్లకు పరుగులెందుకు? గడియారమే చెప్పింది గదా, ఇది నీ వల్ల కాదని!"

గడియారం నిజంగా అట్లా చెప్పిందా? ఇదీ ఈ రోజు ప్రశ్న.

పూర్వం డ్రిల్లు పీరియడు అంటే ఏముండేది? పిల్లలను వరసగా నిలబెట్టేవారు. చేతులు పైకి, చేతులు కిందికి. ఆ తర్వాత మగపిల్లలకు ఒక బంతి ఇచ్చేవారు. ఆడపిల్లలు గోడవారన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఎవరు ఎంత పరుగెత్తగలరో, ఎవరికి ఆయాసం వస్తుందో రాసిపెట్టిన వాళ్లు లేరు.

ఇప్పుడు రాయడం మొదలైంది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఖేలో ఇండియా అనే యాప్‌ను తెచ్చింది. యాప్ అంటే సెల్‌ఫోనులో ఒక పని కోసం పెట్టుకునే ఏర్పాటు. బడిపిల్లలకు చిన్న చిన్న పరీక్షలు పెట్టి, వచ్చిన అంకెలను అందులో ఎక్కించాలని దాని ఉద్దేశం. ఒకటి నుంచి మూడో తరగతి దాకా చిన్నపిల్లలకు ఎత్తు, బరువు చూస్తారు. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతారో చూస్తారు. బల్ల మీద రెండు బిళ్లలు పెట్టి, ఒక చేత్తో అటూ ఇటూ ఎంత త్వరగా తడతారో చూస్తారు. నాలుగో తరగతి నుంచి 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు ఉంటాయి. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగాలి. వెల్లకిలా పడుకుని భుజాలు పైకెత్తాలి. చేతుల మీద ఒంటిని లేపాలి. 50 మీటర్ల పరుగులో కాళ్ల వేగం తెలుస్తుంది. 600 మీటర్లలో గుండె, ఊపిరి ఎంతసేపు ఓర్చుకుంటాయో తెలుస్తుంది.

అన్ని బడుల్లో ఈ పని ఒకేలా జరగదు. కొన్ని బడుల్లో గ్రౌండు ఉంటుంది, వ్యాయామం టీచరు ఉండరు. కొన్నిచోట్ల టీచరు ఉంటారు, గ్రౌండులో కంపచెట్లు ఉంటాయి. కొన్నిచోట్ల ఆటల పీరియడును లెక్కల మాస్టారు లాగేసుకుంటారు. అయినా కార్డు ఇంటికి వచ్చిందంటే, ఎవరో ఒకరు కష్టపడి కొలిచారన్న మాట. దాన్ని గూట్లో పడేయకూడదు. చదవాలి. చదవడమంటే అంకెను చదవడం ఒక్కటే కాదు, ఆ అంకె ఎట్లా వచ్చిందో అడగడం కూడా.

బరువు మిషను సంగతి చూడండి. అది చదునుగా ఉన్న బండ మీద ఉండాలి. గుంటలున్న మట్టినేల మీద పెడితే తప్పు చూపిస్తుంది. ఎక్కకముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి. చెప్పులు విడవాలి. సంచీ దించాలి. ఎత్తు కొలిచేటప్పుడు మడమలు గోడకు ఆనాలి. తలకు కొప్పు ఉంటే విప్పాలి. లేకపోతే కొప్పు ఎత్తు కూడా పిల్ల ఎత్తులో కలిసిపోతుంది. తల మీద ఒక అట్ట పుస్తకాన్ని చదునుగా పెట్టి, అది గోడకు తగిలినచోట గీత గీయాలి. ఇది ఇంట్లో కూడా చేయవచ్చు. వాకిలి పక్కన గోడ మీద ఏటా ఒక గీత, పక్కన తేదీ. అంతే.

ఇక స్టాప్ వాచీ. పరుగు మొదలవగానే ఒక నొక్కు, ముగియగానే ఒక నొక్కు. నొక్కేది మనిషి వేలు. కన్ను చూసి, వేలు కదిలేలోగా కొంచెం సమయం పోతుంది. ఒకరి వేలు త్వరగా కదులుతుంది, ఒకరిది మెల్లగా. అందుకని బడిలో వాచీ చూపించే చిన్న తేడాలను పట్టించుకోనక్కర లేదు. "నీకన్నా ఆమె అర సెకను ముందు" అని పిల్లను దెప్పడం దండగ.

పెద్ద పోటీల్లో అట్లా కుదరదు. 1984లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్ ఆటలు జరిగాయి. కేరళ అమ్మాయి పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. హర్డిల్స్ అంటే దారిలో అడ్డంగా పెట్టిన కర్రచట్రాల వంటివి. వాటి మీదుగా దూకుతూ పరుగెత్తాలి. మూడో స్థానం వస్తే కంచు పతకం. రుమేనియా దేశపు అమ్మాయి 55.41 సెకన్లలో వచ్చింది. ఉష 55.42 సెకన్లలో వచ్చింది. తేడా ఎంత? ఒక సెకనును నూరు ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. కనురెప్ప వేసేంత సేపు కూడా కాదు. ఏ మనిషి వేలూ దాన్ని పట్టలేదు. గీత దగ్గర ఫొటోలు తీసే యంత్రం పట్టింది. ఉషకు పతకం పోయింది. కానీ ఆ పరుగు చూసి ఈ దేశంలో ఎంతమంది ఆడపిల్లలు లంగా ఎగదోపి పరుగెత్తారో ఏ యంత్రమూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మన తెలుగు అమ్మాయి సంగతి.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేసింది, ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేసింది. జ్యోతి పరుగెత్తేది 100 మీటర్ల హర్డిల్స్. నూరు మీటర్ల దారిలో పది అడ్డాలు. ఈ పరుగులో మన దేశంలో అందరికంటే తక్కువ సమయం అప్పటికి 13.38 సెకన్లు. ఆ రికార్డు 2002 నుంచి అట్లాగే ఉంది. 2020లో జ్యోతి 13.03 సెకన్లలో పరుగెత్తింది. పాత రికార్డు కన్నా బాగా తక్కువ. కానీ లెక్కలోకి రాలేదు. ఎందుకని? ఆటగాళ్లు మందులు వాడారేమో చూసే పరీక్ష ఆ పోటీలో ఆమెకు జరగలేదు. ఆ పరీక్ష లేకుండా రికార్డు రాయరు. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

2022 ఏప్రిల్‌లో కేరళలోని కోజికోడ్‌లో మళ్లీ పరుగు. ఈసారి 13.09 సెకన్లు. ఇదీ పాత రికార్డు కన్నా తక్కువే. మళ్లీ లెక్కలోకి రాలేదు! ఈసారి కారణం గాలి.

అవును, గాలే. పెద్ద పోటీల్లో దారి పక్కన గాలిని కొలిచే యంత్రం పెడతారు. గాలి వెనకనుంచి వీస్తే పరుగెత్తే మనిషిని ముందుకు తోస్తుంది. గట్టు మీద గడ్డిమోపుతో నడిచేటప్పుడు గాలి ఎదురైతే ఎట్లా ఉంటుందో, వెనకనుంచి వస్తే ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. వెనకగాలి సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటే ఒప్పుకుంటారు. ఆ రోజు యంత్రం 2.1 చూపింది. ఆ కాస్త తేడాకే రికార్డు పోయింది.

ఆమె చెట్టు కిందికి పోయి కూర్చోలేదు. వచ్చే నెల, 2022 మే 10న, సైప్రస్ అనే దేశంలో పరుగెత్తింది. 13.23 సెకన్లు. ఈసారి వెనకనుంచి తోసే గాలి లేదు. ఇరవై ఏళ్ల రికార్డు పోయింది. అదే ఏడు అక్టోబరులో బెంగళూరులో 12.82 సెకన్లలో వచ్చింది. మన దేశంలో ఈ పరుగును 13 సెకన్ల లోపు ముగించిన మొదటి ఆడమనిషి ఆమే. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా పోటీల్లో బంగారు పతకం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది.

ఈ కథలో పట్టుకోవలసింది ఒకటుంది. అంత పెద్ద పోటీలో కూడా ఒక్క గడియారాన్ని చూసి తీర్పు చెప్పలేదు. గాలి ఎటు వీచిందని కూడా అడిగారు. మరి మన ఇంటి పిల్ల విషయంలో గడియారం ఒక్కటి చూసి "ఇది నీ వల్ల కాదు" అనడం ఏం న్యాయం?

ఎనిమిదో తరగతి అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమెకు ఆ రోజు ఎదురుగాలి ఏమిటి?

ఆ రాత్రి తల్లి కూతురి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగింది. పొద్దున ఏం తిన్నావు? ఏమీ తినలేదు. పంపు దగ్గరనుంచి నాలుగు బిందెలు మోసి, టీ తాగి పరుగున బడికి పోయింది. కాళ్లకు బూట్లున్నాయా? లేవు. మెట్లు ఎక్కితే ఆయాసమా? అవును. తల తిరుగుతుందా? అప్పుడప్పుడు. నెలసరి ఎట్లా ఉంది? ఎక్కువగా పోతోంది.

తల్లి అమ్మాయి కింది రెప్పను కొంచెం లాగి చూసింది. లోపల ఎర్రగా లేదు. తెల్లగా పాలిపోయి ఉంది.

రక్తంలో హిమోగ్లోబిన్ అనే ఎర్ర పదార్థం ఉంటుంది. పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోయేది అదే. నలుగురు మోయాల్సిన నీళ్లు ఇద్దరే మోయాల్సి వస్తే ఏమవుతుంది? ఆ ఇద్దరూ రెండింతలు తిరగాలి. రక్తం తక్కువైన పిల్లకు గుండె అట్లాగే ఎక్కువ సార్లు కొట్టుకుంటుంది. ఊరకే కూర్చున్నప్పుడు తెలియదు. మూడో చుట్టులో తెలుస్తుంది. 600 మీటర్ల పరుగు అంటే కాళ్లకు పెట్టే పరీక్ష మాత్రమే అనుకుంటారు చాలామంది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21లో దేశమంతా ఒక సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100 మందికి 57 మందికి రక్తం తక్కువ అని తేలింది. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో అయితే 100 మందికి 59 మంది. ఈ గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. సగం మందికి పైగానే అన్న మాట.

హిమోగ్లోబిన్‌ను చూడడానికి చిన్న యంత్రం ఉంది. అరచేతిలో పడుతుంది. వేలి కొసన సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం పట్టీ మీద పెడితే కాసేపట్లో అంకె చూపుతుంది. 12 ఏళ్లు దాటిన ఆడపిల్లకు, గర్భం లేని ఆడమనిషికి అది 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. గర్భిణికి కనీసం 11. ఎనిమిది కన్నా తక్కువ ఉంటే అమ్మాయిని వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలి. ఈ నాలుగు మాటలు పలక మీద రాసుకోండి.

తల్లి మర్నాడు కూలికి పోలేదు. కార్డు చీర కొంగున కట్టుకుని బడికి పోయింది. వ్యాయామం టీచరు ఆమెను చూసి, "ఏమ్మా, అమ్మాయిని ఆటలు మాన్పిస్తారా?" అని అడిగింది. అట్లా అడిగేందుకు వచ్చే తల్లులే ఎక్కువ మరి.

"మాన్పించను మేడమ్. నాలుగు నిమిషాల పది సెకన్లు అని రాశారు. అంటే 250 సెకన్లు గదా?"

"అవునమ్మా."

"పిల్ల పొద్దున ఏమీ తినలేదు. ఆయాసం వస్తోందట. రక్తం పరీక్ష చేయించండి. ఇంకొక మాట. బరువు చూసినప్పుడు అందరి ముందూ గట్టిగా చదివారట. 'పుల్ల' అని పిల్లలు ఏడిపిస్తున్నారు. చెవిలో చెప్పండి, లేకుంటే కార్డులో రాయండి."

టీచరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది నా పొరపాటేనమ్మా" అంది. మంచి టీచరు. అట్లా ఒప్పుకునేవాళ్లు తక్కువ.

ఏ.ఎన్.ఎం. వచ్చి పరీక్ష చేసింది. 9.2 ఉంది. డాక్టరు చూసి రోజూ వేసుకోవడానికి ఐరన్ మాత్రలు రాశారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా బడిలో వారానికి ఒక ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు నీలం రంగు మాత్ర, అంతకన్నా చిన్నవాళ్లకు గులాబీ రంగు మాత్ర. చాలామంది పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. వికారం వస్తుందని, విరేచనం నల్లగా అవుతోందని భయం. నల్లగా అయితే భయం లేదు, అది ఐరన్ రంగే. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మాత్రకు దగ్గరగా టీ తాగకూడదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లు, జామకాయ, ఉసిరికాయ పట్టనిస్తాయి. నులిపురుగులు ఉంటే రక్తం నిలవదు. అందుకే ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో, అంగన్‌వాడీలో పురుగుల మాత్ర ఇస్తారు. ఇక తిండి. మునగాకు, తోటకూర, రాగులు, నువ్వులు, పప్పు. మాంసం, చేపలు తినేవాళ్లకు అవి ఇంకా బాగా పడతాయి. ఇంట్లో చేప ముక్క మగపిల్లవాడి కంచంలోకే పోతుందా, ఆడపిల్ల కంచంలోకీ వస్తుందా అన్నది ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవలసిన లెక్క.

నెలసరి వచ్చినప్పుడు ఆటలు ఆడవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆడవచ్చు. నొప్పి ఉంటే ఆ రోజు కూర్చోవచ్చు. మైల అని మాత్రం కూర్చోబెట్టనక్కర లేదు. కొన్ని బడుల్లో ఇప్పుడు పెద్ద తెర మీద ఈ విషయాల సినిమా చూపిస్తున్నారు. మంచిదే. గర్భసంచి ఎక్కడుంటుందో బొమ్మలో చూస్తే సగం భయం పోతుంది. కానీ బొమ్మ ఆడించి, తలుపు వేసుకుని వెళ్లిపోతే లాభం లేదు. మధ్యలో ఆపాలి. పిల్లల చేత చీటీల మీద ప్రశ్నలు రాయించాలి. తెర ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, టీచరు చెప్పాలి.

సెల్‌ఫోను అడుగులను కూడా లెక్కపెడుతుందని మీరు వినే ఉంటారు. "రోజుకు పదివేల అడుగులు నడవాలి" అంటారు. ఆ పదివేలు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న మిషను అమ్మింది. దాని పేరు మాన్పోకే. అంటే పదివేల అడుగుల మీటరు. డాక్టర్లు తేల్చిన అంకె కాదు అది, అమ్మకానికి పెట్టిన పేరు. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలి, పరుగెత్తాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంకో తమాషా కూడా ఉంది. ఫోను ఇంటాయన జేబులో ఉంటుంది. ఆయన టీకొట్టు దాకా పోయివస్తే ఆ అడుగులు ఎక్కుతాయి. ఇంటామె పంపు దగ్గరికి ఎనిమిది సార్లు తిరిగినా ఎక్కడా ఎక్కవు. ఫోను లెక్కలో ఆమె పొద్దస్తమానం కూర్చునే ఉంది!

ఫోను లేకపోయినా ఒక కొలత మీ చేతిలోనే ఉంది. సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. ఎడమ అరచేతిని పైకి తిప్పండి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర, కుడిచేతి రెండు వేళ్లు మెత్తగా ఆనించండి. బొటనవేలితో చూడవద్దు, దానికీ నాడి కొట్టుకుంటుంది. తక్ తక్ మని తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టండి. వచ్చిన అంకెను 4 తో గుణించండి. 20 వస్తే 80. పదేళ్లు దాటిన పిల్లలకు, పెద్దలకు ఊరకే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 లోపు ఉండాలి. పరుగెత్తాక పెరుగుతుంది. కూర్చుంటే మెల్లగా దిగుతుంది. పిల్ల ఊరకే కూర్చున్నప్పుడు కూడా రోజూ 100 దాటుతుంటే ఏ.ఎన్.ఎం.కు చెప్పండి.

ఆ తల్లి రోజూ పడుకునే ముందు కూతురి నాడి లెక్కపెట్టింది. క్యాలెండరు మీద తేదీ పక్కన రాసింది. మొదట్లో 104, 100, 104. పొద్దున నాలుగు బిందెల్లో రెండు అన్న మోయడం మొదలుపెట్టాడు. ఊరికే ఏమీ కాదు, రెండు రోజులు ఇంట్లో రభస జరిగాకే. బడికి పోయేముందు చద్దన్నమో, రాగి జావో తాగనిదే అమ్మాయిని గడప దాటనివ్వలేదు. బాగా తగ్గేదాకా ఆమెను పరుగెత్తించకుండా, టీచరు మెల్లగా నడిపించింది. తర్వాత ఒక చుట్టు. తర్వాత రెండు.

మూడు నెలలకు రక్తం 11.8 కు వచ్చింది. నాడి 84. ఇంకా మాత్రలు ఆపవద్దని డాక్టరు చెప్పారు. అప్పుడు మళ్లీ 600 మీటర్లు పెట్టారు. ఆ రోజు కూడా అమ్మాయి మొదట రాలేదు. వెనకనుంచి ఐదోది. నడవలేదు, ఆగలేదు. సాయంత్రం కార్డు తెచ్చి ఈసారి గూట్లో పడేయలేదు. అమ్మ చేతికే ఇచ్చింది.

3 ని. 35 సె. అని ఉంది.

తల్లి పలక తీసుకుంది. మూడు అరవైలు 180. దానికి 35 కలిపితే 215. పాత లెక్క 250. తీసివేస్తే 35.

"ముప్పై అయిదు సెకన్లు తగ్గిందే!" అంది.

నాయనమ్మ అరుగు మీదినుంచి తొంగి చూసింది. "ముప్పై అయిదు సెకన్లంటే ఎంతసేపే?" అని అడిగింది.

"నువ్వు ఆకూ వక్కా నోట్లో వేసుకునేంత సేపు" అంది అమ్మాయి.

కార్డు కింద 'తల్లి లేక తండ్రి సంతకం' అని ఒక గీత ఉంది. పోయినసారి ఆ గీత ఖాళీగా వెళ్లింది. తల్లి పెన్ను అడిగి పుచ్చుకుని, మెల్లగా తన పేరు రాసింది.